అమెరికా కారుకు యూరప్ చూపు

వీలైతే ఈ పేరా చదివాక ఏదైనా ఒక కారు హెడ్‌లైట్ అద్దం దగ్గరికి వంగి చూడండి. దుమ్ము తుడిస్తే కింది అంచున చిన్న చిన్న అక్షరాలు అచ్చుపోసి ఉంటాయి. చాలా కార్ల మీద ఒక గుండ్రటి సున్నా, అందులో ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం, దాని పక్కన ఒక అంకె కనిపిస్తాయి. ఆ అంకె దేశం నంబరు. 1 అంటే జర్మనీ, 2 ఫ్రాన్స్, 3 ఇటలీ, 4 నెదర్లాండ్స్. లాంపు అక్కడ తయారైందని దాని అర్థం కాదు, పరీక్ష చేసి ఆమోదం ఇచ్చింది ఆ దేశమని. 1958లో జెనీవాలో కుదిరిన ఒప్పందంతో మొదలైన గుర్తు అది. ఒక దేశం ‘ఓకే’ అన్న లాంపును ఒప్పందంలో ఉన్న మిగతా దేశాలు మళ్ళీ పరీక్షించకుండా ఒప్పుకుంటాయి.

పక్కనే ఒక బాణం ఉండొచ్చు. లాంపుకి ఎదురుగా నిలబడ్డప్పుడు ఆ బాణం మన కుడివైపు చూపిస్తుంటే, అది మనలా రోడ్డుకి ఎడమ పక్కన నడిచే దేశాల లాంపు. బాణమే లేకపోతే కుడిపక్కన నడిచే దేశాలది. రెండువైపులా మొనలుంటే రెండింటికీ పనికొస్తుంది. ఇన్నాళ్ళూ ఆ బాణాన్ని బిగించేవాళ్ళ సౌకర్యం కోసం పెట్టారనుకునేవాణ్ణి. దాని అసలు సంగతి మా అన్నయ్య కారు పుణ్యమా అని తెలిసింది.

మా పెద్దమ్మ వాళ్ళది తెనాలి. వాళ్ళబ్బాయి, అంటే మా అన్నయ్య, అమెరికాలో కొన్నేళ్ళు ఉద్యోగం చేసి, అదే కంపెనీ పంపితే జర్మనీ వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ కారుని కూడా ఓడెక్కించాడు. యూరప్ బయట కనీసం 12 నెలలు కాపురం ఉండి, ఆ వస్తువుని కనీసం 6 నెలలు వాడి ఉంటే, ఇల్లు మారేటప్పటి సామాను కింద సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత ఏడాదిపాటు అమ్మకూడదు. అంతవరకూ బాగానే ఉంది. పైగా అది జర్మన్ కంపెనీ కారే, జర్మనీలో తయారై అమెరికాలో అమ్ముడుపోయింది. కానీ రిజిస్ట్రేషన్‌కి ముందు అక్కడి సాంకేతిక తనిఖీ కేంద్రంలో ఒక ఇంజనీరు దాన్ని పూర్తిగా పరీక్షించి కాగితం రాసివ్వాలి. వాళ్ళ వాహన నిబంధనల్లో 21వ సెక్షన్ కింద ఒక్కో బండికి విడిగా ఇచ్చే ఆమోదం అది. అన్నయ్య ముందుగా సలహా కోసం తీసుకెళ్తే ఆ ఇంజనీరు చుట్టూ ఒకసారి తిరిగి జాబితా చేతిలో పెట్టాడట. ఆ రాత్రి వీడియో కాల్‌లో అన్నయ్య మాట: “ఒరేయ్, ఇది పుట్టిందే ఇక్కడ. పుట్టింటికొచ్చిన పిల్లని పాస్‌పోర్టు చూపించమంటున్నార్రా!”

అసలు తేడా ఎక్కడుంది? స్టీరింగ్ ఎడమవైపే, నడిచేది రెండు దేశాల్లోనూ కుడిపక్కనే. అయినా లైట్లు ఎందుకు మార్చాలి?

ముందు డిప్ లైటు గురించి చెప్పుకోవాలి. యూరప్ పద్ధతి డిప్‌ని చీకట్లో గోడ మీద వేసి చూస్తే, గీత గీసినట్టు పైన చీకటి, కింద వెలుగు కనిపిస్తాయి. ఎదురుగా వచ్చేవాడి వైపు ఆ గీత అడ్డంగా, కిందకే ఉంటుంది. మన పక్క అంచు వైపు మాత్రం సుమారు 15 డిగ్రీల ఏటవాలుతో పైకి లేస్తుంది. ఎదుటివాడి కళ్ళలో పడకుండా, మన పక్కన నడిచే మనిషిని, సైకిల్‌ని, టెయిల్ లైటు లేని ట్రాక్టర్ ట్రక్కుని దూరం నుంచే చూపించడం కోసం ఆ ఏర్పాటు. బాణం గుర్తు చెప్పేది ఆ లేచిన వెలుగు ఏ పక్కకో అనే. ఇప్పుడు ఊహించుకోండి: కుడిపక్క నడిచే దేశపు లాంపుని మన రోడ్డు మీదకి తెస్తే, ఆ లేచిన ముక్క సరిగ్గా ఎదురొచ్చేవాడి మొహం మీద పడుతుంది.

అమెరికా దారి వేరు. 1940 నుంచి 1983 దాకా అక్కడ అద్దం, అద్దం వెనక రిఫ్లెక్టరు, ఫిలమెంటు అన్నీ ఒకే గాజు ముద్దగా ఉండే ‘సీల్డ్ బీమ్’ లాంపులే వాడాలన్నది రూలు. ఆ కాలంలో స్థిరపడ్డ వాళ్ళ ఆలోచనేమిటంటే, రోడ్డు మీద వేలాడే బోర్డులు కనపడాలంటే కొంత వెలుగు పైకి కూడా పోవాలి. అందుకే వాళ్ళ డిప్‌లో గీత అంత పదునుగా ఉండదు, పైకి చిందే వెలుతురు కాస్త ఎక్కువ. యూరప్ వాళ్ళు ఎదుటివాడి కళ్ళకి ఎక్కువ విలువిచ్చారు, అమెరికా వాళ్ళు డ్రైవర్‌కి కనిపించే దూరానికి. ఎవరిది రైటంటే చెప్పడం కష్టం గానీ, మనలాంటి డివైడర్ లేని రెండు లైన్ల రోడ్లకి యూరప్ పద్ధతే నాకు నచ్చింది. అమెరికా లాంపు అద్దం మీద గుండ్రటి ‘ఈ’ ఉండదు, ‘డాట్’ అని వాళ్ళ రవాణా శాఖ పేరు పొట్టి అక్షరాల్లో ఉంటుంది. జర్మనీ ఇంజనీరు జాబితాలో మొదటి పద్దు అదే.

రెండోది వెనక ఇండికేటర్లు. అమెరికాలో వెనక ఇండికేటర్ ఎర్రగా వెలగొచ్చు, బ్రేకు లైటే మిణుకుమన్నా పర్వాలేదు. యూరప్‌లో అది తప్పనిసరిగా నారింజ రంగులో, బ్రేకు లైటుకి విడిగా ఉండాలి. మూడోది వెనక ఫాగ్ లాంపు. యూరప్‌లో కనీసం ఒకటి ఉండాల్సిందే. ఒకటే పెడితే కుడిపక్క నడిచే దేశంలో అది బండికి ఎడమవైపు ఉండాలి. నాలుగోది ముందు పార్కింగ్ లైట్లు. అమెరికాలో నారింజ రంగు ఒప్పుకుంటారు కాబట్టి ముందు ఇండికేటర్ బల్బులనే సన్నగా వెలిగించి ఊరుకుంటారు. యూరప్‌లో తెల్లవే ఉండాలి.

సరే, యూరప్ మోడల్ లాంపులు కొని బిగిస్తే పోయె కదా? పాత అంబాసిడర్ అయితే పోయేది. ఇప్పటి కారులో లాంపుకీ స్విచ్చుకీ మధ్య ఒక కంప్యూటర్ కూర్చుని ఉంటుంది. దాన్ని బాడీ కంట్రోల్ మాడ్యూల్ అంటారు. మీరు ఇండికేటర్ కాడ కదిపితే అది నేరుగా బల్బుకి కరెంటు పంపదు, ఆ మాడ్యూల్‌కి ఒక సందేశం పంపుతుంది. ఏ పిన్నుకి కరెంటు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, మిణుకుమనాలా నిలకడగా వెలగాలా అన్నవన్నీ దాని మెమరీలో ఉన్న కొన్ని బిట్ల ప్రకారం జరుగుతాయి. అంతేకాదు, ఒక్కో వైరులో ఎంత కరెంటు పారుతోందో అది కొలుస్తూ ఉంటుంది. దాని లెక్కకి తగ్గట్టు పారకపోతే బల్బు పోయిందని డాష్‌బోర్డు మీద గొడవ మొదలెడుతుంది.

అన్నయ్య కారులో కొత్త వెనక లాంపులు పెట్టగానే జరిగింది అదే. నారింజ ఇండికేటర్ అనే వస్తువు ఒకటుందని ఆ మాడ్యూల్‌కి తెలియదు. దాని దృష్టిలో ఇండికేటర్ అంటే ఎర్ర బల్బే. అప్పుడు డాష్‌బోర్డు కింద ఉన్న డయాగ్నొస్టిక్ సాకెట్‌కి లాప్‌టాప్ తగిలించి ‘కోడింగ్’ చేయాలి. మనం సీ లాంగ్వేజీలో రాసే కోడింగ్ కాదిది, కొత్త ప్రోగ్రాం ఏదీ రాయరు. కారు తయారైనప్పుడే అమెరికా, యూరప్, జపాన్ అన్నిటికీ సరిపోయే ప్రోగ్రాం ఒకటే ఎక్కించి ఉంటుంది. ఏ దేశానికి ఏ పని చేయాలన్నది బిట్ల వరసలో 0, 1 మార్చి చెప్తారు. మన పరీక్ష పేపర్లో ‘ఏవేని అయిదింటికి సమాధానములు వ్రాయుము’ అన్నట్టు, ప్రశ్నలన్నీ అందులోనే ఉంటాయి, రాయాల్సినవి టిక్కు పెడతారు. అలా నారింజ ఇండికేటర్‌కి విడి పిన్ను ఇచ్చారు, ముందు పార్కింగ్‌లో నారింజ వెలుగు ఆపేశారు, వెనక ఫాగ్‌కి అనుమతిచ్చారు.

అక్కడితో అయిపోలేదు. ఫాగ్ లాంపు వెలిగింది గానీ, అది వెలుగుతోందని డ్రైవర్‌కి చెప్పే నారింజ గుర్తు డాష్‌బోర్డు మీద రాలేదు. ఆ గుర్తు లేకపోతే ఆమోదం లేదు. ఎర్రటి ఫాగ్ లాంపు చాలా ప్రకాశంగా ఉంటుంది, మంచు పోయాక ఆపడం మర్చిపోతే వెనకొచ్చేవాడికి నరకం. మీటర్ల ప్యానెల్ కూడా ఇంకో కంప్యూటరే కాబట్టి దాన్నీ విడిగా కోడింగ్ చేస్తే, ఇన్నేళ్ళూ నల్ల ప్లాస్టిక్ వెనక దాక్కున్న గుర్తు మొదటిసారి వెలిగిందట. ఆ ఫొటో మా కుటుంబం గ్రూపులో పెడితే పెద్దమ్మ “కొత్త కారు కొన్నావా నాన్నా” అని అడిగింది.

ముందు లాంపులతో ఇంకో మెలిక ఉంది. 2000 ల్యూమెన్లకి మించిన కాంతి మూలం ఉన్న హెడ్‌లైట్లకి, లోడుని బట్టి దానంతటదే కిందకి దిగే ఏర్పాటు, అద్దం కడిగే నీళ్ళ చిమ్ము ఉండాలని యూరప్‌లో చాలా ఏళ్ళుగా నియమం. బురద అంటిన అద్దం వెలుగుని చెదరగొట్టి పైకి చిమ్ముతుంది, అందుకని కడగడం. ఇరుసు దగ్గర ఒక సెన్సరు బండి వెనక ఎంత కుంగిందో కొలిస్తే, లాంపులోని చిన్న మోటారు ఆ మేరకు వెలుగుని వంచుతుంది. అన్నయ్య ఖర్చు చూసుకుని అంత ప్రకాశం లేని లాంపులతో సరిపెట్టుకున్నాడు.

మిగిలినవి చిన్న తలనొప్పులు. తాళం రిమోటు, టైర్లలో గాలి చెప్పే సెన్సర్లు అమెరికాలో సాధారణంగా 315 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడతాయి, యూరప్‌లో వాడేది 433. అది కోడింగ్‌తో మారేది కాదు, లోపలి వస్తువే వేరు. రేడియో సంగతి ఇంకా తమాషా. అమెరికాలో ఎఫ్‌ఎం స్టేషన్లన్నీ పాయింటు తర్వాత బేసి అంకె మీదే ఉంటాయి: 98.1, 98.3, 98.5 ఇలా. అక్కడి రేడియో కూడా అలాగే గెంతుతుంది. ఆ కారు మన వైపుకొస్తే విజయవాడ రెయిన్‌బో 102.2 దొరకదు, 102.1 నుంచి 102.3కి దూకేస్తుంది. ఇది మాత్రం కోడింగ్‌తో మారింది.

‘మన వైపుకొస్తే’ అన్నాను గానీ, ఆ కారు తెనాలి రానేలేదు. మన విదేశీ వాణిజ్య నిబంధనల ప్రకారం దిగుమతయ్యే కారుకి స్టీరింగ్ కుడివైపు ఉండాలి, స్పీడోమీటర్ కిలోమీటర్లలో చూపించాలి, హెడ్‌లైట్ వెలుగు ‘ఎడమపక్క నడిచే’ ట్రాఫిక్‌కి తగ్గట్టు ఉండాలి. చివరి షరతు చదివినప్పుడు నాకు ఆనందమేసింది. అంటే ఆ 15 డిగ్రీల ముక్క గురించి ఢిల్లీలో కూడా ఎవరో ఆలోచించారన్నమాట! వాడిన కారైతే తయారై మూడేళ్ళు దాటకూడదు కూడా. 1958 ఒప్పందంలో మనం లేము, 2006లో దాని తమ్ముడి లాంటి 1998 ఒప్పందంలో చేరాం. అయినా మన వాహన లైట్ల ప్రమాణాలు చాలావరకు ఆ జెనీవా రూళ్ళ అడుగుజాడల్లోనే రాసుకున్నాం.

మరి రూళ్ళు అవే అయితే మన రోడ్డు మీద రాత్రిపూట కళ్ళు ఎందుకు పోతున్నాయి?

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. మాది రేపల్లె. నాన్న నిజాంపట్నం హార్బర్ నుంచి తెనాలికి టాటా ఏస్‌లో చేపల లోడు తోలుతారు. బయల్దేరేది తెల్లవారుజామున మూడింటికి. మొన్న సంక్రాంతి ముందు వేమూరు దాటాక ఎదురుగా ఒక కారు తెల్లటి లైట్లతో వచ్చింది. డిప్‌లోనే ఉంది, నాన్న కూడా ఒప్పుకున్నారు. కానీ ఆ రెండు క్షణాలు ఏమీ కనపడలేదు. కనపడేసరికి వరి మోపుల ట్రాక్టరు, వెనక ఒక్క ఎర్ర అద్దం ముక్క కూడా లేకుండా, ఎడమ అంచున ఆగి ఉంది. అవతల కాలవ. బ్రేకు పడింది కాబట్టి ఇప్పుడు ఈ వ్యాసం రాస్తున్నాను. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లంటే 33 మీటర్లు గుడ్డిగా వెళ్ళడం. నాన్న కళ్ళలో శుక్లాలు మొదలయ్యాయని డాక్టరు ముందే చెప్పారు. వయసు పెరిగేకొద్దీ కంటి లోపలి కటకం మసకబారి, పడిన వెలుగుని లోపలే చెదరగొడుతుంది. ఇరవై ఏళ్ళ కుర్రాడికి చికాకనిపించే వెలుగు, యాభై దాటినవాళ్ళకి గోడలా అడ్డం నిలబడుతుంది.

ఎదురొచ్చిన కారు డిప్‌లోనే ఉన్నా అలా ఎందుకైంది? రెండు కారణాలు ఉండొచ్చు, రెండూ మనం ఇంట్లో లెక్కేసుకోగలిగినవే.

ఒకటి లోడు. హెడ్‌లైట్ నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. డిప్‌ని సాధారణంగా 1 శాతం కిందకి వంచి పెడతారు, అంటే 10 మీటర్లకి 10 సెంటీమీటర్లు. వెలుగు గీత 65 మీటర్ల దూరంలో నేలని తాకుతుంది. ఇప్పుడు వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు ఎక్కించండి. బండి ముక్కు 1 డిగ్రీ పైకి లేచిందనుకుందాం. 1 డిగ్రీ అంటే సుమారు 1.75 శాతం. 1 కిందకి, 1.75 పైకి, వెరసి 0.75 శాతం పైకే. 100 మీటర్ల దూరంలో ఆ గీత ఎత్తు 65 ప్లస్ 75, అంటే 140 సెంటీమీటర్లు. బైకు మీద కూర్చున్న మనిషి కళ్ళు దాదాపు అక్కడే ఉంటాయి. అందుకే చాలా కార్లలో స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఇస్తారు. లోడు పెరిగేకొద్దీ అంకె పెంచాలి. మా బంధువుల్లో ఆ చక్రం దేనికో తెలిసినవాళ్ళు నాకింకా తగల్లేదు.

రెండోది బల్బు. చాలా పాత కార్లలో, బైకుల్లో ఉండే హెచ్4 హాలోజెన్ బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి. డిప్ ఫిలమెంటు కింద చెంచా లాంటి చిన్న లోహపు గిన్నె ఉంటుంది. గోడ మీద మనం చూసిన వెలుగు గీతని గీసేది ఆ గిన్నె అంచే. రిఫ్లెక్టరు వంపంతా ఆ సన్నటి ఫిలమెంటు ఎక్కడుంటుందో మిల్లీమీటర్లలో లెక్కేసి చేసింది. దాన్ని పీకి ఆన్‌లైన్‌లో కొన్న ఎల్‌ఈడీ బల్బు పెడితే, వెలుగొచ్చే చోటు, దాని ఆకారం మారిపోతాయి. గీత చెరిగిపోయి వెలుగు నలువైపులా చిందుతుంది. డ్రైవర్‌కేమో ముందు నేలంతా తెల్లగా కనిపించి “అబ్బ, ఏం లైటురా” అనిపిస్తుంది. జర్మనీలో కూడా 2020 దాకా ఇలా మార్చడం పూర్తిగా నిషిద్ధం. ఆ ఏడాది నుంచి, ఫలానా బల్బు ఫలానా మోడల్ కారులో పరీక్షించి పాసైతేనే ఒప్పుకుంటున్నారు.

మన చట్టంలోనూ దీనికి కొలతుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వ నియమం: లాంపుకి 8 మీటర్ల ముందు, అర మీటరు కుడిపక్కకి, నేలకి ఒకటిన్నర మీటర్ల ఎత్తులో కళ్ళున్న మనిషికి మిరుమిట్లు గొలపకూడదు. కొలత రాసి ఉంది, కొలిచేవాళ్ళే కనపడరు. వెనకటి లారీలకి, బస్సులకి హెడ్‌లైట్ మధ్యలో నల్ల బొట్టు పెట్టేవాళ్ళు. మా అమ్మమ్మ అది దిష్టిచుక్క అనుకునేదట. దాంతో మొత్తం వెలుగు కాస్త తగ్గుతుంది తప్ప, పైకి పోయే కిరణం కిందకి దిగదు. రిఫ్లెక్టరులో ప్రతి ముక్కా తన వాటా వెలుగుని తన దారిన పంపుతూనే ఉంటుంది. అయినా ఎదుటివాడి కళ్ళ గురించి ఆలోచించిన బొట్టు కాబట్టి నాకు దాని మీద గౌరవమే.

అన్నయ్య కారు రెండో తనిఖీలో పాసైంది. చివర్లో ఆ ఇంజనీరు కారుని ఒక పెట్టె ముందు నిలబెట్టి, లోపలి తెర మీద వెలుగు గీత ఎక్కడ పడిందో చూసి, రెండు స్క్రూలు అటూ ఇటూ తిప్పాడట. ఆ పెట్టె మన దగ్గర లేకపోయినా గోడ ఉందిగా. సమతలంగా ఉన్న చోట గోడకి 10 మీటర్ల దూరంలో బండి ఆపండి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. లాంపు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి, గోడ మీద అంతకంటే 10 సెంటీమీటర్లు కిందకి సుద్దతో అడ్డగీత గీయండి. డిప్ వేస్తే వెలుగు పై అంచు ఆ గీత మీద కూర్చోవాలి, ఎడమ కొస మాత్రం పైకి లేవాలి. అసలు అంచే కనపడకుండా వెలుగు పొగలా పరుచుకుంటే స్క్రూ తిప్పి లాభం లేదు, బల్బు మార్చాల్సిందే.

పోయిన సెలవుల్లో మా ఇంటి ఎదురుగా ఉన్న రైస్ మిల్లు గోడ మీద నాన్న బండికి ఇదే చేశాం. ఖాళీగా ఉన్నప్పుడు వెలుగు గీత మీదే ఉంది. నీళ్ళు నింపిన ట్రేలు లోడెత్తు పేర్చి చూస్తే జానెడు పైకి పోయింది. ఆయన ఎప్పుడూ నడిపేది లోడుతోనే కాబట్టి, లోడు ఉంచే స్క్రూలు తిప్పి కిందకి దించాం. తెనాలి నుంచి ఖాళీ బండితో వచ్చేటప్పుడు వెలుగు మరీ దగ్గర్లో పడుతోందని నాన్న గొణుగుతున్నారు. “వచ్చేసరికి తెల్లారిపోతుందిగా, ఇక లైటెందుకు?” అంటుంది అమ్మ.